జ్యా, జేబు, సైన్: వీటికి చుట్టరికం ఉందా?

పదో తరగతి పిల్లాడి అమ్మ:
మా వాడు వృత్తాల పాఠం చదువుతూ "జ్యా అంటే ఏంటమ్మా?" అన్నాడు. వృత్తం మీద రెండు బిందువుల్ని కలిపే గీత అని పుస్తకంలో ఉన్నదే చెప్పాను. "అది కాదు, అసలా మాటకి అర్థం ఏంటి?" అని పట్టుకున్నాడు. నాకు తెలీదు. అదే రోజు మా చుట్టాల గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. త్రికోణమితిలో సైన్ అంటే మన జ్యా అట. అరబ్బులు దాన్ని 'జేబు' చేశారట, యూరప్ వాళ్ళు తప్పుగా తర్జుమా చేశారట, మన చొక్కా జేబు కూడా అలా పుట్టిందేనట. ఇందులో నిజం ఎంత?

ఒక సభ్యుడు:
ప్రపంచంలో ఉన్నవన్నీ మన దగ్గర్నుంచి ఎత్తుకుపోయినవే అనే రకం ఫార్వర్డ్ లాగుంది. వదిలేయండి మేడం.

రిటైర్డ్ లెక్కల మాస్టారు:
తొందరపడకండి. ఇది ముప్పాతిక వంతు నిజం. మిగిలిన పాతిక దగ్గరే గొడవంతా.

ముందు అబ్బాయి ప్రశ్న. జ్యా అంటే అల్లెత్రాడు, వింటినారి. వాడి పుస్తకంలో వృత్తం ముక్కని ఏమంటారో చూడమనండి: చాపం. చాపం అంటే విల్లు. విల్లు వంపు చాపం, దాని రెండు కొసలకీ బిగించిన తాడు జ్యా. బొమ్మ గీసి చూపిస్తే ఇంకో మాట అక్కర్లేదు. ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పాను గానీ, మొదటి పదేళ్ళు నేనూ ఈ ముక్క చెప్పకుండానే నెట్టుకొచ్చాను, ఒప్పుకోవాలి.

గ్రీకుల లెక్క మొత్తం తాడుతో నడిచింది. వాళ్ళ ఖగోళ పండితుడు టాలెమీ పట్టిక నిండు జ్యాల పట్టిక. మనవాళ్ళు ఆ తాడుని సగానికి తుంచారు. సగం తాడు తీసుకుంటే లంబకోణ త్రిభుజం దానంతటదే చేతికొస్తుంది, లెక్క తేలికవుతుంది. దాని పేరు అర్ధజ్యా. వాడగా వాడగా 'అర్ధ' రాలిపోయి జ్యా, జీవా మిగిలాయి. ఆర్యభటుడు 499లో రాసిన ఆర్యభటీయంలో ఈ పట్టిక ఒకే ఒక్క పద్యంలో ఉంది: "మఖి భఖి ఫఖి ధఖి ణఖి ఞఖి ఙఖి హస్ఝ..." అంటూ మంత్రంలా సాగుతుంది. మ అంటే 25, ఖి అంటే 200, కాబట్టి మఖి 225. అలాగే మిగిలినవి 224, 222, 219, 215, 210, 205, 199. ఇవి జ్యాలు కావు, మెట్టు మెట్టుకీ జ్యా ఎంత పెరుగుతుందో ఆ తేడాలు. మూడు ముప్పావు డిగ్రీలకో మెట్టు. ఈ ఎనిమిదీ కూడమనండి, 1719 వస్తుంది. ఎనిమిది మెట్లంటే 30 డిగ్రీలు. ఆర్యభటుడి వ్యాసార్ధం 3438, అందులో సరిగ్గా సగం 1719. సైన్ 30 అంటే సగం అని మీవాడు బట్టీ పట్టింది ఇదే.

పదో తరగతి అమ్మ:
కూడించాను మాస్టారూ. 1719 వచ్చేసరికి వాడు కుర్చీలోంచి లేచాడు. మరి అరబ్బుల సంగతి?

రిటైర్డ్ లెక్కల మాస్టారు:
711–712లో సింధు అరబ్బుల ఏలుబడిలోకి వెళ్ళింది. 762లో ఖలీఫా మన్సూర్ బాగ్దాద్ నగరం కట్టించాడు. పదేళ్ళు గడిచాక, 770ల్లో, సింధు నుంచి వెళ్ళిన రాయబారులతో పాటు ఒక సంస్కృత ఖగోళ గణిత గ్రంథం ఆ కొలువు చేరింది. మన గణిత పండితుడు బ్రహ్మగుప్తుడి సంప్రదాయంలోది. అల్ ఫజారీ లాంటి పండితులు దాన్ని అరబ్బీలో పెట్టారు. పేరు 'సింద్‌హింద్'. మన 'సిద్ధాంత' అన్న మాట అరబ్బీ నోట్లో పడి అలా అయింది. తొమ్మిదో శతాబ్దం మొదట్లో బాగ్దాద్ పండితుడు అల్ ఖ్వారిజ్మీ దాని మీద తన పట్టికలు కట్టాడు. వాళ్ళకి ఇది కాలక్షేపం కాదు. నమాజు వేళలు, మక్కా దిక్కు, ఎడారిలో, సముద్రంలో దారి, అన్నిటికీ ఈ లెక్క కావాలి.

ఇప్పుడు మాట సంగతి. అరబ్బీలో 'వ' ధ్వని లేదు (వాళ్ళ వావ్ అనే అక్షరం పలికే తీరు వేరు), కాబట్టి జీవా కాస్తా 'జీబ్' అయింది. దీన్ని రాస్తే జీమ్, యే, బే అనే మూడు అక్షరాలు. అదే మూడక్షరాలతో వాళ్ళ సొంత మాట ఒకటి అప్పటికే ఉంది: 'జైబ్'. అంగీ మెడ దగ్గర చీలిక, గుండె మీద పడే బట్ట మడత అని అర్థం. ఖురాన్‌లో మూసా ప్రవక్తని చెయ్యి జైబ్‌లో పెట్టమనే చోట ఉన్నది ఈ మాటే. ఎవరికీ అర్థం తెలియని జీబ్‌ని అందరికీ తెలిసిన జైబ్‌గా చదువుకున్నారు.

ఒక సభ్యురాలు (అరబ్బీ కొంత చదువుకున్నాను):
ఇక్కడ ఒక్క మాట సర్దుతాను మాస్టారూ. నెట్‌లో చాలాచోట్ల "అరబ్బీలో అచ్చులు రాయరు కాబట్టి పొరపాటు జరిగింది" అని రాస్తున్నారు. అది సగం నిజం. అచ్చు కనపడకుండా పోలేదు, యే అక్షరం ఉంది. తిప్పలేమిటంటే దీర్ఘమైన 'ఈ'కీ, 'ఐ'కీ అదే యే. జీబ్ రాసినా జైబ్ రాసినా కాగితం మీద ఒకటే.

పనిలో పని, ఆ 'కాగితం' కూడా పారసీ 'కాగజ్' నుంచి మనకొచ్చిందే.

రిటైర్డ్ లెక్కల మాస్టారు:
సరిగ్గా చెప్పావమ్మా. అందుకే యూరప్ వాళ్ళు తప్పు తర్జుమా చేశారనే ముక్క నాకు ఒప్పదు. స్పెయిన్‌లోని టొలెడో 1085లో క్రైస్తవ రాజుల చేతికొచ్చింది. తర్వాతి శతాబ్దంలో అక్కడా చుట్టుపక్కలా అరబ్బీ పుస్తకాలు లాటిన్‌లోకి బండ్ల కొద్దీ వెళ్ళాయి. ఇటలీలోని క్రెమోనా వాడైన గెరార్డ్ ఒక్కడే డెబ్బైకి పైగా చేశాడు. జైబ్‌ని లాటిన్‌లో 'సైనస్' అని మొదట రాసింది ఎవరన్న దానికి ఇద్దరు ముగ్గురి పేర్లు చెబుతారు. ఎవరైనా కానీ, ఆ రోజుకి అరబ్బులే దాన్ని జైబ్ అంటున్నారు. జైబ్ అంటే బట్ట మడత, లాటిన్‌లో బట్ట మడత సైనస్. తర్జుమా చేసినవాడి తప్పేముంది? తాడు మడతగా మారింది అంతకు ముందే, బాగ్దాద్ దారిలో.

ఇంకో తమాషా. అదే విల్లులో బాణం కూడా ఉంది. జ్యా నడిమి నుంచి చాపం దాకా ఉండే గీతని మనవాళ్ళు శరం అన్నారు. అరబ్బీలో అది 'సహ్మ్', లాటిన్‌లో 'సజిట్టా'. మూడిటికీ బాణమనే అర్థం. చాపం అరబ్బీలో 'కౌస్', అదీ విల్లే. అంటే విల్లు విల్లుగానే, బాణం బాణంగానే వెళ్ళాయి, తాడు ఒక్కటే దారి తప్పింది. ఎందుకంటారా? తాడుకి వాళ్ళ మాట 'వతర్' అప్పటికే గ్రీకుల నిండు జ్యాకి ఖర్చైపోయింది. సగం తాడుకి వేరే పేరు కావాలి, మన శబ్దాన్నే ఉంచేసుకున్నారు. ఇది నా ఊహ. కానీ గట్టి ఊహే అనుకుంటున్నాను.

కువైట్ నుంచి ఒక సభ్యుడు:
మా సైటులో ఈజిప్టు సూపర్‌వైజర్ ఉన్నాడు. జేబుని 'గేబ్' అంటాడు, వాళ్ళకి జ పలకదు, గ అంటారు. ఇది చదివి వెళ్ళి అడిగాను, బళ్ళో సైన్‌ని ఏమనేవారని. నవ్వి అదే మాట అన్నాడు, కాగితం మీద గుర్తు రాసి చూపించాడు. జీమ్, అలిఫ్. అంటే 'జా'! కోసైన్‌కి 'జతా'. తిరిగి తిరిగి జ్యా పక్కకే వచ్చి కూర్చున్నట్టుంది.

మరో సభ్యుడు:
అయితే కోసైన్ కూడా మన పాత లెక్కల్లోని కోటిజ్యానే కదా? కో అంటే కోటి.

రిటైర్డ్ లెక్కల మాస్టారు:
వినడానికి బాగుంది నాయనా, కానీ కాదు. భావం ఒకటే, మాట వేరు. అరబ్బీలో 'జైబ్ అత్తమామ్', అంటే తొంభైకి తక్కువైనదాన్ని పూరించే కోణపు జైబ్. లాటిన్‌లో సైనస్ కాంప్లిమెంటీ. ఇంగ్లండు వాడు గంటర్ 1620లో దాన్ని కో-సైనస్ అని కుదించాడు. ఆ కో కాంప్లిమెంటీలోది. 'కువైట్ బాబు' చెప్పిన 'జతా'లో 'తా' కూడా ఆ తమామ్‌లోదే.

మొదటి సభ్యుడు:
వదిలేయమన్నవాణ్ణి నేనే, వెనక్కి తీసుకుంటున్నా. కానీ చొక్కా జేబు జ్యా నుంచి పుట్టిందా లేదా? అది ఎవరూ చెప్పలేదు.

అరబ్బీ చదువుకున్న సభ్యురాలు:
పుట్టలేదండీ. ఫార్వర్డ్‌లో ఆ పాతిక వంతు ఇదే. జైబ్ అచ్చంగా అరబ్బీ మాట, జ్యా అక్కడికి చేరకముందు నుంచీ ఉంది. మడత అన్న అర్థం మెల్లగా జేబు అన్న అర్థానికి జరిగింది. పారసీ, ఉర్దూల మీదుగా దుకాణం, దలాలు, బాకీ, జమలతో పాటు తెలుగులోకి దిగింది. జ్యా వెళ్ళి ఆ ఇంట్లో అద్దెకున్నదే తప్ప ఆ ఇంటి బిడ్డ కాదు. ముక్కుకి వచ్చే సైనస్ మాత్రం ఆ లాటిన్ మడతే. ముక్కు పక్క ఎముకల్లోని గుంటలకి ఆ పేరు పెట్టారు.

పదో తరగతి అమ్మ:
నాకు ఆ సైనస్ పదేళ్ళుగా ఉంది. ఇంట్లో త్రికోణమితి ఉందని తెలీదు! పోనీ, జేబు రాకముందు తెలుగువాళ్ళు ఏమనేవారు?

మరో సభ్యుడు:
జేబే లేనప్పుడు పేరెక్కడిది? మా తాత రొంటిన దోపుకునేవాడు. మా నాయనమ్మకి కొంగు ముడి, వక్కాకు తిత్తి.

కరీంనగర్ నుంచి ఒక సభ్యురాలు:
ఒడి ఉంది కదా! మా దిక్కు ఆడపిల్లకు ఒడిబియ్యం పోస్తరు. కొంగు పట్టి మడతలో పోస్తరు. పత్తి ఏరేటప్పుడు కూడా ఒడి కట్టుకునే ఏరుతరు. గుండె మీద, ఒడిలో పడే బట్ట మడత అంటున్నరు కదా మీరు, అది ఒడి కాక మరేంది?

రిటైర్డ్ లెక్కల మాస్టారు:
తల్లీ, టొలెడోలో నువ్వుండాల్సింది. ఇవాళ పిల్లలంతా 'ఒడి 30 = సగం' అని చదివేవాళ్ళు.