రెలెంజా పొడిని నెబ్యులైజర్‌లో వేసి ఇవ్వవచ్చునా?

ఎడిసన్ నివాసి: మేము న్యూజెర్సీలో ఉంటున్నాము. మా అబ్బాయికి ఇన్‌ఫ్లుయెంజా అని పరీక్షలో తేలడంతో, అర్జంట్ కేర్‌లోని వైద్యులు వాడికి చికిత్సగానూ, మాతో ఉంటున్న అత్తగారికి నివారణగానూ పీల్చే పొడిమందు రెలెంజా రాసి ఇచ్చారు. వాడు బాగానే పీలుస్తున్నాడు. అత్తగారు మాత్రం మధ్యాహ్నం నుండి ఎంత ప్రయత్నించినా పొడి నాలుక మీదే మిగిలిపోతోంది. ఇంట్లో ద్రవమందును తుంపరగా మార్చి పట్టించే నెబ్యులైజర్ ఉన్నది కనుక, పొడిని సెలైన్‌లో కరిగించి ఇవ్వవచ్చునా? విసిగిపోయాను, ఎవరైనా త్వరగా చెప్పండి.

వేసవిగాలి: ఇవ్వకూడదు.

కృష్ణాతీరం: అక్టోబరు కల్లా ఇంటిల్లిపాదీ టీకా వేయించుకుని ఉంటే ఈ ఆందోళన చాలావరకు తప్పేది. ఈ మందు వైరస్ మీద ఉండే న్యూరమినిడేజ్ అనే ఎంజైమును అడ్డుకుని, కొత్తగా పుట్టిన వైరస్‌లు సోకిన కణం నుండి విడివడి పక్క కణాలకు పాకకుండా చేస్తుందే తప్ప, మన శరీరానికి నిరోధకశక్తిని ఇవ్వదు. కాబట్టి దీనిని టీకాకు బదులుగా భావించే వారందరూ పొరబడుతున్నారని నేను ప్రతి ఏడూ చెబుతూనే ఉన్నాను.

ఎడిసన్ నివాసి: టీకా గురించి తరువాత మాట్లాడుకుందామండీ. నెబ్యులైజర్‌లో ఎందుకు వేయకూడదు?

మందులషాపు శర్మ: ఆ పొడిలో మందుతో పాటు లాక్టోజ్ అనే పాల చక్కెర ఉంటుంది. దానిని కరిగించి యంత్రం ద్వారా ఇస్తే గొట్టాలు పూడుకుపోతాయి. వెంటిలేటర్ మీద ఉన్న ఒక రోగికి అలా ఇవ్వగా ప్రాణం పోయిందని 2009లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఈ పొడిని పీల్చే పరికరమైన డిస్క్‌హేలర్‌తోనే పీల్చాలి: మూత నిటారుగా ఎత్తి బొబ్బకు (పొడి ఉండే చిన్న రేకు అరకు) చిల్లు పడేలా చేసి, పరికరాన్ని అడ్డంగా సమంగా పట్టుకుని, ఊపిరి పూర్తిగా వదిలిన తరువాత పక్కనున్న గాలి రంధ్రాలు మూసుకుపోకుండా పెదవులు బిగించి, ఒక్కసారిగా లోతుగా పీల్చి కొన్ని సెకన్లు ఊపిరి బిగబట్టాలి.

గోదావరిగట్టు: పూటకు రెండు బొబ్బల చొప్పున రోజుకు రెండు పూటలు, అయిదు రోజులు మరచిపోవద్దు.

మందులషాపు శర్మ: అది చికిత్స మోతాదు, అదీ లక్షణాలు మొదలైన 48 గంటలలోపు ప్రారంభించాలి. ఇంట్లో ఒకరికి సోకినప్పుడు మిగిలినవారికి ఇచ్చే నివారణ మోతాదు రోజుకు ఒక్కసారి 10 మిల్లీగ్రాములు, అంటే రెండు బొబ్బలు, పది రోజులు. రెండింటికీ ఇరవై బొబ్బలున్న అదే పెట్టె సరిపోవడం వలన చాలామంది తికమక పడతారు.

గోదావరిగట్టు: మోతాదు మోతాదే కదండీ, మందు ఒకటే అయినప్పుడు ఎక్కువ వేస్తే ఇంకా మంచిదే.

మందులషాపు శర్మ: కాదు. రాసిన మోతాదు దాటకూడదు.

వేసవిగాలి: ఇంట్లో నెబ్యులైజర్ ఎవరి కోసం ఉన్నది?

ఎడిసన్ నివాసి: అత్తగారికేనండీ. ఆవిడకు ఎన్నో ఏళ్లుగా ఉబ్బసం ఉన్నది.

మందులషాపు శర్మ: అయితే ఇంకొక్కసారి కూడా పీల్చనివ్వకండి. ఉబ్బసం, సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవారికి ఈ మందు సిఫారసు చేయరు, ఎందుకంటే శ్వాసనాళాలు ఒక్కసారిగా బిగుసుకుపోయే ప్రమాదం ఉన్నది. వెంటనే వైద్యులకు ఫోన్ చేసి ఉబ్బసం సంగతి చెప్పి, నోటి ద్వారా తీసుకునే ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు ఆవిడకు సరిపోతుందేమో అడగండి. ఆయాసం గానీ పిల్లికూతలు గానీ మొదలైతే మాత్రం ఆగకుండా 911కు ఫోన్ చేయండి.

కృష్ణాతీరం: ఆవిడ ఈ ఏడు టీకా వేయించుకున్నారా?

ఎడిసన్ నివాసి: వైద్యులు గుళికలు మార్చి రాశారు. ఆయాసం లేదు. కృతజ్ఞతలు.