స్పష్టమైన కల వస్తే అది రెమ్ నిద్రేనా?

రాత్రిడ్యూటీ: పొద్దున ఆరింటికి షిఫ్ట్ దిగి పడుకుంటాను. మొన్న కళ్లు మూతపడిన పావుగంటకే కల. పోయిన మా అమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని చింతపండు పిసుకుతోంది, వేళ్ల సందున పిప్పి కూడా కనిపించింది. చేతి బ్యాండ్ మాత్రం అప్పుడు 'తేలిక నిద్ర' అంటోంది. మరి ఇలాంటి కలలు రెమ్‌లోనే, అంటే కళ్లు గబగబా కదిలే నిద్ర దశలోనే, వస్తాయంటారేంటి?

నిద్రగన్నేరు: బ్యాండ్ తప్పండీ. గుండె వేగం, కదలిక చూసి అంచనా కడుతుంది, అంతే. 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే పరిశోధకులు నిద్రలో కంటిగుడ్లు గబగబా కదిలే దశను పట్టుకున్నారు. ఆ దశలో లేపితే ఎక్కువమంది కల చెబుతారు. రెమ్ తెల్లవారుజామునే ఎక్కువ, మీరు పొద్దున పడుకున్నారు కాబట్టి తొందరగా వచ్చేసి ఉంటుంది.

తెల్లకాగితం: నాకసలు కలలే రావు.

నిమ్మచెట్టు: రెమ్ వేరు, కల వేరు. 1962లో ఫౌక్స్ అనే నిద్ర పరిశోధకుడు రెమ్ కాని నిద్రలోంచి లేపినా సగానికి పైగా సార్లు జనం ఏదో ఒకటి చెప్పారు. మెదడు ముందు భాగం లోపల దెబ్బతిన్న కొందరికి రెమ్ ఉన్నా కలలు ఆగిపోయాయని మార్క్ సోమ్స్ అనే మెదడు పరిశోధకుడు చూపించాడు.

నిద్రగన్నేరు: ఆ 'ఏదో ఒకటి'లో చాలావరకు ముక్కలు ముక్కలు ఆలోచనలే. పొడుగ్గా, సినిమాలా నడిచే కలలు రెమ్‌లోనే ఎక్కువ. బ్యాండ్ నమ్మి వాదించకండి.

రాత్రిడ్యూటీ: మళ్లీ బ్యాండేనా? ఏ దశైతే ఏంటండీ, వచ్చింది మా అమ్మ!

నిద్రగన్నేరు: ఏ దశైతే ఏంటా? మా నాన్న నాలుగేళ్లు నిద్రలో కేకలేస్తూ చేతులు విసిరేవారు. ఒకరాత్రి మంచం పక్కన స్టూలు తగిలి కణత చిట్లింది. రెమ్‌లో ఒళ్లు కదలకుండా ఉండాలి, ఆయనకు ఆ పట్టు తప్పింది. డాక్టరు 'పీడకలలే, దేవుణ్ణి తలుచుకుని పడుకోమనండి' అని పంపేశారు. తర్వాత పార్కిన్సన్స్ బయటపడింది. ఇలా కొట్టుకోవడం ఆ జబ్బుకు ఏళ్ల ముందు సూచన కావచ్చని అప్పుడు తెలిసింది. అందుకే దశ గురించి పట్టుబడతాను.

నిమ్మచెట్టు: అది నిజం. ఇంట్లో ఎవరైనా అలా కొట్టుకుంటుంటే నరాల డాక్టరుకు చూపించి, రాత్రంతా నిద్ర పరీక్ష చేయించండి.

రాత్రిడ్యూటీ: నాన్నగారి సంగతి తెలియదు, క్షమించండి. అమ్మ పోయి ఏడు నెలలు. కనిపించడం ఇదే మొదలు. 'రెమ్ తొందరగా వచ్చింది' అని తేల్చేసరికి కోపమొచ్చింది.

నిద్రగన్నేరు: తేల్చేయాలని కాదండీ. ఏమైనా మాట్లాడారా?

రాత్రిడ్యూటీ: ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావురా అంది. వెతుకుతుండగా మెలకువ వచ్చేసింది.