ప్రైవేట్ విండో టెస్టులో ఒక్క సైట్‌కే లొకేషన్ అనుమతి ఇవ్వడం ఎలా?

భీమవరంలో రొయ్యల చెరువుల సైట్ ఒకటి చూస్తున్నాను. రైతు చెరువు గట్టు మీద నిలబడి బటన్ నొక్కితే లొకేషన్ పడాలి. టెస్టులు ఫైర్‌ఫాక్స్‌లో, సెలీనియంతో (బ్రౌజర్‌ను స్క్రిప్టుతో నడిపే టూల్).

మా పాత స్క్రిప్టు ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్లోని (బ్రౌజర్ తన డేటా దాచుకునే ఫోల్డర్) పర్మిషన్స్ ఫైలులో, మోజ్_హోస్ట్స్ టేబుల్లో హోస్ట్ పేరు రాసేది. ఇప్పుడు బ్రౌజర్ చూసేది మోజ్_పర్మ్స్. అందులో పోర్టుతో సహా పూర్తి ఆరిజిన్, అంటే ప్రోటోకాల్, హోస్ట్ పేరు, పోర్టు కలిపిన చిరునామా ఉండాలి (మా పోర్టు 8443 రాయడం మర్చిపోయి ఒక పూటంతా పోయింది). టైప్ జియో (లొకేషన్), విలువ 1 (అనుమతి) పెట్టాక మామూలు విండోలో పాసవుతోంది. ప్రైవేట్ విండోలో మాత్రం అనుమతి అడిగే పెట్టె అలాగే నిలబడి, 30 సెకన్లకు టైమౌట్. బ్రౌజర్ మూసి, ఫైలు రాసి, మళ్లీ తెరిచినా అంతే. పర్మిషన్స్.డిఫాల్ట్.జియో అనే బ్రౌజర్ సెట్టింగును 1 చేస్తే పాసవుతుంది గానీ, అన్ని సైట్లకూ అనుమతి ఇచ్చినట్టే. 'వేరే సైట్ అడిగితే పెట్టె రావాలి' అనే టెస్టు ఫెయిలవుతోంది.

ఫైలు ముట్టకుండా, ప్రైవేట్ విండోలో ఈ ఒక్క ఆరిజిన్‌కే సెలీనియం నుంచి అనుమతి ఇచ్చే దారేది?