నాన్నగారి సైకిలుకు కొత్త రిమ్ములు, తోలు సీటు వేయించవచ్చా?

ప్రశ్న (ఒంగోలు నుంచి): సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు వాడిన 28 అంగుళాల నల్ల సైకిలును బాగుచేయించుకుని, రోజూ కొత్తపట్నం రోడ్డు మీదుగా ఆఫీసుకు వెళ్లిరావాలని ఉంది. దానికి ఇప్పటికీ కడ్డీ బ్రేకులే (తీగలకు బదులు ఇనుప కడ్డీలతో పనిచేసేవి) ఉన్నాయి. ఆ పాత అందం చెడకుండా అల్యూమినియం రిమ్ములు, బ్రూక్స్ కంపెనీ తోలు సీటు వేయించవచ్చా? షాపులో చూపించిన రిమ్ములు 700సి రకం. అవీ 28 అంగుళాలేనని అంటున్నారు.

సమాధానం (నెల్లూరు నుంచి): నమస్కారమండీ. డబ్బు కట్టే ముందు దయచేసి టైరు పక్కన అచ్చయిన అంకెలు చూడండి. మన పాత సైకిళ్ల 28 × 1½ టైరు మీద సాధారణంగా 40-635 అని ఉంటుంది. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే. 700సి రిమ్ముకు ఆ వ్యాసం 622. పేరుకు రెండూ 28 అంగుళాలే అయినా 13 మిల్లీమీటర్ల తేడా ఉంది కనుక ఒకదాని టైరు రెండోదానికి సరిపోదు.

అసలు చిక్కు బ్రేకులతో వస్తుంది. కడ్డీ బ్రేకు రబ్బర్లు పైకి లేచి, రిమ్ముకు హబ్బు వైపున్న లోపలి అంచును ఒరుసుకుంటాయి. అల్యూమినియం రిమ్ములకు బ్రేకు పట్టే చోటు పక్కల ఉంటుంది. అందువల్ల రిమ్ములు మారిస్తే బ్రేకులు కూడా మార్చక తప్పదు, కడ్డీలు పోయాక అది మీ నాన్నగారి సైకిలులా కనిపించదు. నా మాటగా ఉక్కు రిమ్ములే ఉంచండి. అయితే క్రోమియం పూత రిమ్ము తడిస్తే బ్రేకు బాగా జారుతుంది కాబట్టి, అక్టోబరు, నవంబరు వానల్లో కాస్త దూరం నుంచే నొక్కుతూ రావాలి.

ఆ మిగిలిన డబ్బుతో స్టెయిన్‌లెస్ స్పోకులు, నిండుగా మూసి ఉండే చైన్ కవరు వేయించండి. నేను మైపాడు సముద్రతీరానికి వెళ్లివచ్చి, సైకిలును కడగకుండా వరండాలో పెట్టి కొన్ని వారాలు మరిచిపోయాను. తర్వాత వీలు బెండు తీయిద్దామని తీసుకెళితే, మేస్త్రీ స్పోకు తాళంతో నిప్పిల్ (స్పోకును రిమ్ముకు బిగించే చిన్న నట్టు) తిప్పుతుండగా అది కదలకుండా స్పోకే మెలితిరిగి, టప్పున తెగింది. అలా వరుసగా నాలుగు పోయాయి. ఉప్పుగాలి తగిలిన రోజు మంచినీళ్లతో కడిగి, తుడిచి, చైనుకు రెండు చుక్కలు నూనె వేస్తే చాలు.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండీ. టైరు మీద 40-635 అనే ఉంది, రిమ్ముల ఆలోచన మానుకున్నాను. సీటు మాత్రం మార్చాలనే ఉంది, బ్రూక్స్ వాళ్ల బి17 రకం తీసుకోవచ్చా?

సమాధానం: బి17 ముందుకు వంగి తొక్కేవారికి బాగుంటుంది. మీ సైకిలు మీద నడుము నిటారుగా ఉంటుంది, బరువంతా సీటు మీదే పడుతుంది, కనుక వెడల్పుగా ఉండి స్ప్రింగులున్న బి67 వంటిది చూడండి. మొదట్లో గట్టిగా ఉంటుంది, తొక్కగా తొక్కగా మీ కూర్చునే తీరుకు తోలు ఒదుగుతుంది. వానలో నానితే మాత్రం ఆరేదాకా దాని మీద కూర్చోకండి, సాగిపోతుంది. ఆరబెట్టేది కూడా నీడలోనే, ఎండలో పెడితే తోలు బిరుసెక్కి పగులుతుంది.