గ్రూపులో జనం పెరిగారు, చదవదగ్గవి తగ్గిపోయాయి. ఏం చెయ్యాలి?

మిద్దెమిరప:
మిద్దెతోటల మీద ఒక టెలిగ్రామ్ గ్రూపు, 1,800 మంది సభ్యులు. 300 మంది ఉన్నప్పుడు మట్టి పాళ్ళు, ఎరువు మోతాదులు, పురుగుల గుర్తింపు మీద మంచి చర్చలు నడిచేవి. ఇప్పుడు తెల్లారితే శుభోదయం బొమ్మలు, ఫార్వర్డులు. ఆపైన మసక ఫోటో ఒకటి పెట్టి "మిరప ఇలా అయింది, ఏం కొట్టాలి?" అనే ప్రశ్న, వారానికి పదిసార్లు. ఓపిగ్గా జవాబులు చెప్పే ఏడెనిమిది మంది ఒక్కొక్కరే మౌనంగా ఉండిపోతున్నారు. అడ్మిన్లు ముగ్గురు. 22 నియమాలు పిన్ చేసి ఉన్నాయి, చదివేవాళ్ళు లేరు. రెండుగా చీల్చడం మేలా, అడ్మిన్లని పెంచడమా, కొత్తవాళ్ళని ఆపెయ్యడమా?

పాతకుండీ:
చీల్చకండి. "సీనియర్ల గ్రూపు" అని వేరే పెడితే ఆ ఏడెనిమిది మందీ అటు పోతారు. ఇక్కడ ప్రశ్నలు మిగులుతాయి, అక్కడ అడిగేవాళ్ళు లేక నెల తిరక్కుండానే సద్దుమణుగుతుంది.

జవాబు చెప్పేవాళ్ళకి విసుగు తెప్పించేది ప్రశ్నల సంఖ్య కన్నా, ప్రతి ప్రశ్న వెనకా వివరాలు లాగాల్సి రావడం. మీ మిరపనే తీసుకోండి. ఆకు పైకి దొప్పలా ముడుచుకుంటే తామర పురుగు, కిందకి ముడుచుకుని కాడ సాగితే తెల్లనల్లి. రైతులు పై ముడత, కింది ముడత అనేది అందుకే. రెండింటికీ మందులు వేరు. మసక ఫోటోలో అది తెలీదు కాబట్టి తెలిసినవాళ్ళు నాలుగు ఎదురు ప్రశ్నలు వెయ్యాలి. ఈలోపు ఏమీ చూడకుండానే ఆరుగురు "వేపనూనె కొట్టండి" అనేస్తారు. లీటరుకి ఎన్ని మిల్లీలీటర్లో, సబ్బు నీళ్ళు కలపకపోతే నూనె పైన తేలి ఆకు మాడుతుందనో వాళ్ళు చెప్పరు. గ్రూపు స్థాయి పడిపోయేది అక్కడ. అడిగినవాళ్ళకన్నా ఆ ఆరుగురి వల్లే ఎక్కువ నష్టం.

అందుకని ప్రశ్నకి ఒక నమూనా పెట్టండి, నాలుగు ముక్కలు చాలు: మొక్క మొత్తం ఫోటో, ఆకు అడుగువైపు దగ్గర్నుంచి తీసిన ఫోటో, కుండీ సైజు, ఎండ ఎన్ని గంటలు పడుతుంది, ఆఖరుసారి ఏం కొట్టి ఎన్ని రోజులైంది. (అయిదయ్యాయి, పర్లేదు.) వివరాలు లేని ప్రశ్నని వెంటనే తీసెయ్యకండి. కింద నమూనా అతికించి, 24 గంటల్లో నింపకపోతే అప్పుడు తియ్యండి. నింపేదాకా ఎవరూ జవాబివ్వకూడదన్నది అసలు నియమం. దాన్ని ముందు అడ్మిన్లు పాటించాలి. తెలిసిన విషయమే కదా అని ఒక్క అడ్మిన్ తొందరపడ్డా నమూనా చచ్చినట్టే.

జల్లెడ:
పైది సరైనదే. చేర్చుకునే వేగం కూడా చూడండి. చేరే లింకుకి అడ్మిన్ ఆమోదం పెట్టే వీలు టెలిగ్రామ్‌లో ఉంది. వారానికి పాతిక మందికి మించి రానివ్వకండి. కొత్తవాళ్ళు నియమాలు చదివి నేర్చుకోరు, పక్కవాళ్ళు ఎలా మాట్లాడుతున్నారో చూసి నేర్చుకుంటారు. ఒకేసారి 400 మంది వచ్చిపడితే వాళ్ళకి కనిపించేది మిగతా 399 మంది కొత్తవాళ్ళే. యూజ్‌నెట్ అనే పాతకాలపు ఇంటర్నెట్ చర్చావేదికలో జరిగింది ఇదే. ఏటా సెప్టెంబర్లో యూనివర్సిటీల్లో చేరిన కొత్త విద్యార్థులు గోల చేసేవాళ్ళు, కొన్ని వారాల్లో పద్ధతి పట్టుబడేది. 1993 తర్వాత జనం రాకడ ఆగనే లేదు. అందుకే పాతకాపులు దానికి ముగియని సెప్టెంబరు అని పేరు పెట్టారు.

స్లో మోడ్ కూడా ఉంది, ఒక మెసేజ్ పెట్టినవాళ్ళు ఇంకోటి పెట్టాలంటే కాసేపు ఆగాలి. ఆ వ్యవధి కొన్ని సెకన్ల నుంచి గంట దాకా పెట్టుకోవచ్చు. రోజంతా ఉంచితే ఎదురు ప్రశ్నకి బదులివ్వడానికీ ఆగాల్సి వస్తుంది, మంచి చర్చే ముందు కుంటుపడుతుంది. వాదన రాజుకున్నప్పుడు 5 నిమిషాలకి పెట్టి, చల్లారాక తీసెయ్యండి. అడ్మిన్లకి అది వర్తించదు కాబట్టి ఆ కాసేపు మీరూ వరసగా రాయకండి, ఒళ్ళు మండుతుంది జనాలకి.

22 నియమాల్ని అయిదుకి కుదించండి. తీసేసిన ప్రతి పోస్టుకీ వాటిలో ఒక నంబరు చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ పోస్టు తియ్యకూడదు.

దొడ్డిదారి:
కొంచెం పక్కకి లాగుతాను. బిగింపు ఎక్కువైనా చెడుతుంది. 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లోనే చూడండి, ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగి జవాబులు చెప్పుకునే సైటు. అక్కడ చాలా ఏళ్ళపాటు, ఓటు వెయ్యాలంటే సంపాదించిన పాయింట్లు 15, ఇతరుల పోస్టుల కింద వ్యాఖ్య రాయాలంటే 50, వ్యతిరేక ఓటుకి 125, ప్రశ్నని మూసెయ్యడానికి ఓటెయ్యాలంటే 3,000 ఉండాల్సి వచ్చేది. ఇంకొకరి జవాబుకి వ్యతిరేక ఓటు వేస్తే మన పాయింటూ ఒకటి పోతుంది, అది తెలివైన ఏర్పాటు. అయినా 2018లో ఆ సంస్థే కొత్తవాళ్ళకి తమ చోటు ఆదరంగా లేదని బాహాటంగా ఒప్పుకుంది.

మన గ్రూపుల్లో దీనికి సమానమైనది "పైన సెర్చ్ చేసుకోండి" అన్న మాట. సెర్చ్ చేస్తే దొరకదు. ఒకరు ఆకుముడత అని తెలుగులో రాస్తారు, ఒకరు అదే ముక్క ఇంగ్లీషు అక్షరాల్లో తలో స్పెల్లింగుతో రాస్తారు, ఇంకొకరు లీఫ్ కర్ల్ అంటారు. సగం మంది వాయిస్ మెసేజ్ పెడతారు. కాబట్టి మళ్ళీ మళ్ళీ వచ్చే పదిహేను ప్రశ్నలకి ఒక్కో మంచి జవాబు ఎంచి, దాని చివర ఆ మాటలన్నీ అన్ని రకాల స్పెల్లింగుల్లోనూ చేర్చండి. వాటి లింకులతో ఒకే విషయసూచిక పిన్ చెయ్యండి. అదే ప్రశ్న మళ్ళీ వస్తే లింకు ఇచ్చి "ఇందులో మీది ఏది, పై ముడతా కింది ముడతా?" అని అడగండి. అడిగినవాళ్ళు నిలబడతారు, పాత జవాబుకి కొత్త ఫోటో కలుస్తుంది. పాత మెసేజ్‌లు కొత్తవాళ్ళకి కనిపించేలా సెట్టింగ్ ఉందో లేదో కూడా చూసుకోండి, లేకపోతే లింకు నొక్కినా ఏమీ తెరుచుకోదు.

మిద్దెమిరప:
చాలా ఉపయోగం. ఒక్క చిక్కు: శుభోదయాలు పెట్టేవాళ్ళలో పెద్దవాళ్ళు ఎక్కువ. తీసేస్తే నొచ్చుకుంటారు, అందులో ఇద్దరు మంచి జవాబులు చెప్పేవాళ్ళు.

పాతకుండీ:
సెట్టింగుల్లో టాపిక్స్ (ఒకే గ్రూపులో విషయానికో గది) ఆన్ చేసి "అరుగు" అని ఒకటి తెరవండి. పలకరింపులు, పండగ శుభాకాంక్షలు, కోసిన కూరగాయల ఫోటోలు అన్నీ అక్కడ. ఇష్టం లేనివాళ్ళు ఆ ఒక్కదాన్నే మ్యూట్ చేసుకుంటారు. అది కాక పురుగులు-తెగుళ్ళు, మట్టి-ఎరువులు, విత్తనాల మార్పిడి, ఈ మూడూ చాలు. పన్నెండు తెరిస్తే ఏది ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియక అంతా మొదటిదాంట్లోనే పోస్తారు.

పెద్దవాళ్ళని గ్రూపులో అందరి ముందూ దిద్దకండి. పోస్టు తీసే ముందే విడిగా రాయండి: "మాస్టారూ, నమస్కారం. పలకరింపుల కోసం అరుగు అని వేరే తెరిచాం. మీరు రేపు అక్కడ మొదలుపెడితే మిగతావాళ్ళు మీ వెనకే వస్తారు."