బ్రిటన్‌లో మళ్లీ డిగ్రీలో చేరితే వైకల్య భత్యం, ఇంటి అద్దె సాయం ఏమవుతాయి?

వెన్నెలదారి:
అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో ఉంటాను, ఇక్కడి పౌరసత్వం ఉంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ముదరడంతో ఫిబ్రవరిలో ఉద్యోగం మానేశాను. వైకల్య భత్యం, అదే పిప్, వస్తోంది. అద్దె మాత్రం యూనివర్సల్ క్రెడిట్‌లో, అంటే ఆదాయం తక్కువున్నవారికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయంలో, ఇంటి కోసం ఇచ్చే భాగంతో గడుస్తోంది. సెప్టెంబరులో సైకాలజీ డిగ్రీలో, పూర్తికాలం కోర్సులో సీటు వచ్చింది. చదవాలని ఎంతో ఆశగా ఉంది. కానీ అద్దె సొమ్ము ఆగితే ఈ ఇల్లు నిలుపుకోలేను. స్నానాలగదిలో కడ్డీలు, గుమ్మం ముందు ర్యాంపు అమర్చుకున్న ఇల్లు ఇది. ఈ దారిలో నడిచినవారు ఎవరైనా ఉన్నారా?

గట్టుమీదచెట్టు:
పిప్ గురించి బెంగ వద్దండి. అది ఆదాయం చూసి ఇచ్చేది కాదు, చదువుకుంటున్నారని ఆపేదీ కాదు. నా మూడేళ్ల డిగ్రీలో ఒక్క నెల కూడా ఆగలేదు. అయితే మధ్యలో సమీక్ష వచ్చినప్పుడు, రోజూ క్లాసుకు ఎలా వెళ్లగలుగుతున్నారని అడిగారు. నోట్సు రాసిపెట్టే సహాయకురాలు ఉందని, క్లాసు నుంచి రాగానే రెండు గంటలు పడుకోక తప్పదని తేదీలతో సహా ఒక పుస్తకంలో రాసుకున్నాను. దాన్ని ముందు పెట్టుకునే జవాబు చెప్పాను. మీరూ మొదటి వారం నుంచే రాసుకోండి.

పెద్దవాగు:
పూర్తికాలం చదువుతుంటే యూనివర్సల్ క్రెడిట్ ఇవ్వరు. మా తమ్ముడికి ఆపేశారు.

కృష్ణవేణి_ఒడ్డు:
మీ తమ్ముడి విషయంలో నిజమే కావచ్చు, కానీ అందరికీ అలా కాదండి. పూర్తికాలం విద్యార్థులకు మామూలుగా రాదు, దానికి కొన్ని మినహాయింపులున్నాయి. మనలాంటివారికి వర్తించేదానికి రెండు షరతులు. పిప్ లాంటి భత్యం వస్తూ ఉండాలి. పని చేయగల సామర్థ్యం పరిమితమన్న నిర్ణయం కోర్సు మొదలయ్యేలోపే వచ్చి ఉండాలి. 2021 డిసెంబరు 15 నుంచి నిబంధన ఇదే. చేరాక తెచ్చుకుంటామంటే కుదరదు. చదువు మధ్యలో పిప్ పోయినా ఈ మినహాయింపు పోతుంది.

నాకు ఆ నిర్ణయం కోర్సు మొదలైన పదకొండో రోజున వచ్చింది. ఉత్తరంలో ప్రతి మాటా నాకు అనుకూలమే, తేదీ తప్ప. అద్దె కట్టలేక రెండో టర్ములోనే చదువు మానేశాను. ఆ ఉత్తరం ఇప్పటికీ బీరువాలో ఉంది. వెన్నెల గారూ, మీకు నిర్ణయం వచ్చిందా?

వెన్నెలదారి:
రాలేదండి. ఫారం పంపి నాలుగు వారాలైంది. చేరడానికి ఇంకా పది వారాలుంది. ఇంత పెద్ద చిక్కు ఇక్కడ ఉందని నాకెవరూ చెప్పలేదు.

కృష్ణవేణి_ఒడ్డు:
ఈ రోజే మీ యూనివర్సల్ క్రెడిట్ ఆన్‌లైన్ ఖాతాలోని జర్నల్‌లో కోర్సు తేదీ రాసి, ఆలోపు పని సామర్థ్య పరీక్ష జరిపించమని అడగండి. ఫోనులో చెప్పినదానికి ఆధారం ఉండదు, రాసినదానికి ఉంటుంది. సీటు ఏడాది వాయిదా వేస్తారేమో యూనివర్సిటీనీ ఇప్పుడే కనుక్కోండి. నిర్ణయం చేతికి రాకుండా మాత్రం చేరకండమ్మా. నేను పడ్డ కష్టం మీరు పడకూడదు.

బంతిపూలతోట:
అక్కా, రుణం సంగతి కూడా తెలుసుకోండి. అప్పు ఇంటికి రానివ్వకూడదనేది మా నాన్న మాట. అందుకే జీవన ఖర్చుల రుణానికి నేను దరఖాస్తే చేయలేదు. అయినా యూనివర్సల్ క్రెడిట్‌వాళ్లు నాకు రాగలిగిన మొత్తాన్ని వచ్చినట్టే లెక్కగట్టారు. ఆదాయంగా లెక్కించిన భాగం 5,280 పౌండ్లు. దాన్ని 8 నెలలకు పంచితే నెలకు 660. అందులో 110 మినహాయించి, మిగతా 550 నెలనెలా కోశారు. చేతికి రాని డబ్బుకు కోత పడింది. ఆ చలికాలమంతా హీటరు వేయాలంటే చేయి వెనక్కి పోయేది. నాన్నకు ఈ నిబంధన అర్థమయ్యేలా చెప్పి, రెండో ఏడు రుణం తీసుకున్నాను.

ఫీజు రుణం ఈ లెక్కలోకి రాదు. వైకల్యం ఉన్న విద్యార్థులకు ఇచ్చే డీఎస్ఏ కూడా రాదు, దాన్ని తిరిగి కట్టాల్సిన పనీ లేదు. ప్రత్యేక సహాయం పేరుతో వచ్చే రుణ భాగాన్నీ వదిలేస్తారు. వేసవి సెలవుల్లో ఈ కోత ఉండదు.

గట్టుమీదచెట్టు:
ఒంటరిగా ఉంటే కౌన్సిల్ టాక్స్, అంటే ఇంటిపై కట్టే స్థానిక పన్ను, కూడా ఉండదండి. పూర్తికాలం విద్యార్థి అని యూనివర్సిటీ ఇచ్చే ధ్రువపత్రం పంపితే చాలు.

చిరుజల్లు:
నేను స్టూడెంట్ వీసాపై ఉన్నాను, వినికిడి లోపం ఉంది. ఇవి నాకూ వస్తాయా?

కృష్ణవేణి_ఒడ్డు:
రావు తమ్ముడూ. పిప్, యూనివర్సల్ క్రెడిట్, ఇంటి సాయం, మూడూ ప్రభుత్వ నిధుల కిందికే వస్తాయి. వీసా షరతు వాటిని తీసుకోనివ్వదు, పొరపాటున కూడా దరఖాస్తు చేయకు. కానీ 2010 సమానత్వ చట్టం ప్రకారం క్లాసులో, పరీక్షల్లో నీకు తగిన సర్దుబాట్లు చేయాల్సిన బాధ్యత యూనివర్సిటీదే. అడగడానికి మొహమాటపడకు.

వెన్నెలదారి:
తొమ్మిది వారాల తర్వాత రాస్తున్నాను. నిర్ణయం నిన్న వచ్చింది, క్లాసులు మొదలవడానికి ఆరు రోజుల ముందు. ఉత్తరం తెరిచి ముందు తేదీ చూశాను, ఆ తర్వాతే మిగతాది చదివాను. దాని ఫోటో జర్నల్‌లో పెట్టి, కోర్సు వివరాలు కూడా చెప్పాను. బంతిపూల చెల్లాయి చెప్పినట్టు రుణానికి దరఖాస్తు చేశాను. డీఎస్ఏ కోసం డాక్టరు గారి ఉత్తరం సోమవారం తెచ్చుకోవాలి. కృష్ణవేణి గారూ, మీరు మళ్లీ చేరే ఆలోచనలో ఉన్నారా?

కృష్ణవేణి_ఒడ్డు:
ఆ నిర్ణయం నాకు ఇప్పటికీ అమల్లోనే ఉందమ్మా. మీ ఉత్తరం మాట చదివాక ఆ యూనివర్సిటీ పేజీ మళ్లీ తెరిచాను. జనవరిలో దరఖాస్తుల గడువు.