బాబు సైన్స్ నోట్సులో ఆరో పాఠం లేదు

ప్రశ్న:
మా బాబు సీబీఎస్‌ఈ ఏడో తరగతి. మొన్న సైన్స్ నోట్సు తిరగేస్తే ఐదో పాఠం అయిపోగానే ఏడోది, ఉష్ణం గురించి, మొదలైంది. మధ్యలో కౌమారదశ పాఠం ఏదిరా అంటే, "మిస్ ఇంట్లో చదువుకోమన్నారు, ఎగ్జామ్‌లో రాదంట" అన్నాడు. ఆ పీరియడ్‌లో ఆడపిల్లల్ని లైబ్రరీకి తీసుకెళ్లి ఏదో చెప్పారట, మగపిల్లల్ని గ్రౌండ్‌కి పంపారట. "వాళ్లకి చెప్పింది మాకెందుకు చెప్పలేదమ్మా?" అంటున్నాడు. నేను చెప్పాలా, వాళ్ల నాన్నతో చెప్పించాలా? ఆయనైతే పేపర్ అడ్డం పెట్టుకున్నారు.

జవాబు 1:
మా సారు కూడా అంతే. మొక్కల్లో ప్రత్యుత్పత్తి వారం చెప్పారు, మనుషుల దగ్గరికొచ్చేసరికి సిలబస్ అయిపోయింది! మందార పువ్వు బొమ్మ ఇప్పటికీ కళ్లు మూసుకుని వేస్తాను.

జవాబు 2:
అమ్మా, నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెప్పి రిటైరయ్యాను. నాకూ మొదటేడు నోరు పెగల్లేదు. తర్వాత చింతపిక్కలు పట్టుకెళ్లాను. ఒక సంచిలో అన్నీ చింతపిక్కలే, అది అమ్మ. రెండో సంచిలో సగం పిక్కలు, సగం గవ్వలు, అది నాన్న. ఒక్కో సంచిలోంచి ఒక్కోటి తీయాలి. రెండూ పిక్కలైతే ఆడపిల్ల, గవ్వ వస్తే మగపిల్లాడు. గవ్వ ఏ సంచిలోంచి వస్తుందో పిల్లలకి నేను చెప్పనక్కర్లేదు. ఒకమ్మాయి మాత్రం, "మేం ముగ్గురం ఆడపిల్లలం టీచర్. ఈ సంచులు ఒక్కరోజు ఇస్తారా, మా నానమ్మకి చూపించాలి" అంది. ఇచ్చాను. పాత ఎనిమిదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోనూ తల్లిని నిందించడం తప్పని రాసే ఉంది. చదివించేవాళ్లేరీ? నెలసరి సంగతి మాత్రం మీరే చెప్పండి. రేపు పక్క బెంచీ అమ్మాయి గౌనుకి మరక అయితే నవ్వకుండా ఉంటాడు.

జవాబు 3:
మిస్‌నే అంటే ఎలా? ట్రాన్స్‌జెండర్ పిల్లల్ని బడిలో ఎలా కలుపుకోవాలో టీచర్లకి చెప్పే పుస్తకాన్ని ఎన్‌సీఈఆర్‌టీ 2021లో సైట్‌లో పెట్టి, గొడవ కాగానే తీసేసింది. పైవాళ్లే వెనక్కి తగ్గితే ఆవిడకి టెన్షన్ ఉండదా? కేరళ వాళ్లు నయం, 2024లో మూడో తరగతి పుస్తకంలో నాన్న కొబ్బరి కోరుతున్న బొమ్మ వేశారు.

ప్రశ్న అడిగినావిడ:
టీచర్ గారూ, గవ్వలు దొరకక షర్టు గుండీలు వేశాను. వాడు వరసగా నాలుగుసార్లు గుండీయే తీశాడు. ఐదోసారి వాళ్ల నాన్న పేపర్ పక్కనపెట్టి, "ఏదీ, నన్ను తియ్యనీ" అన్నారు.